నోరు తిరగని పేరు

ఐర్లండ్‌లో ఆడపిల్లలకు పెట్టే 'షివాన్' అనే పేరుకు రోమన్ లిపిలో ఏడు అక్షరాలు: ఎస్, ఐ, ఓ, బి, హెచ్, నెత్తిన వాలుగీత ఉన్న ఎ, చివర ఎన్. ఇంగ్లిషు అలవాటుతో చదివేవాళ్లు దాన్ని 'సియోభన్' అంటారు. ఆ అక్షరాల్లో షకారం కనబడదు, వకారమూ కనబడదు. నీవ్, ఈఫా, కీవా, టైగ్, డోనల్ పేర్లదీ ఇదే వరస. 'నీవ్' చివర రాసేది ఎమ్, హెచ్. 'టైగ్' మధ్యలో రాసేది డి, హెచ్. ఐర్లండ్ పొలిమేర దాటిన దగ్గర్నుంచి ఈ పేర్లవాళ్లకు పేరు చెప్పడం, మళ్లీ చెప్పడం, అక్షరం అక్షరం విడదీసి రాయించడం నిత్యకృత్యం. చూడ్డానికి చిన్న చికాకే గానీ, దాని అడుగున మతాలూ దర్శనాలూ ఎంతోకాలం తర్జనభర్జన పడ్డ ప్రశ్న ఉంది. పేరంటే అసలు ఏమిటి? రాతా, ధ్వనా, అర్థమా? తప్పు పలికిన పేరు ఆ మనిషి పేరేనా? సరిగ్గా పలకడం వట్టి మర్యాదేనా, ధర్మం కూడానా?

ముందుగా ఒక అపవాదు తొలగించాలి. ఐరిష్ రాతకు తలాతోకా లేదన్నది ఇంగ్లిషు కళ్లతో చూసినవాళ్ల మాట. నిజానికి ఇంగ్లిషు స్పెల్లింగు కన్నా అదే నియమానికి కట్టుబడి నడుస్తుంది. సంప్రదాయ ఐరిష్ వర్ణమాలలో 18 అక్షరాలే. జె, కె, క్యూ, వి, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ దానికి అక్కర్లేదు. ఉన్న హల్లుల్లో దాదాపు ప్రతిదానికీ రెండేసి ఉచ్చారణలు. ఐ, ఈ అక్షరాల పక్కన ఉంటే 'సన్నం', ఎ, ఓ, యు పక్కన ఉంటే 'వెడల్పు' అని ఐరిష్ బడిపిల్లలు నేర్చుకుంటారు. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. 'చెల్లి'లోని చకారం తాలవ్యం, 'చలి'లోని చకారం దంత్యం. పక్కనున్న అచ్చును బట్టే ఈ తేడా అని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. తెలుగు చ, జ లతో సరిపెట్టుకున్న పనిని ఐరిష్ హల్లులన్నిటికీ విస్తరించింది, అంతే.

ఆ లెక్కన షివాన్‌ను విప్పి చూడవచ్చు. ఎస్ పక్కన ఐ ఉంది కనుక అది సన్నమై ష అయింది. తర్వాతి ఓ పలకడానికి రాసింది కాదు. అవతలి బి వెడల్పు హల్లు అని చెప్పడానికి నిలబెట్టిన కాపలా. బి తర్వాత హెచ్ వస్తే వకారం. ఎ నెత్తిన గీత దీర్ఘానికి గుర్తు. పాత గేలిక్ అచ్చులో ఈ హెచ్ కూడా ఉండేది కాదు, బి మీద ఒక చుక్క పెట్టేవారు. 20వ శతాబ్దం నడుమ రోమన్ అచ్చు స్థిరపడ్డాక చుక్క పోయి హెచ్ వచ్చింది. బయటివాళ్లను ఇంతగా తికమకపెట్టే హెచ్ ఆ చుక్కకు వారసురాలన్నమాట. తెలుగువాళ్లు స్వాతి, గీత పేర్లను ఇంగ్లిషులో రాసేటప్పుడు టి పక్కన పెట్టే హెచ్ కూడా ఇలాంటి గుర్తే. దాన్ని ఉత్తరాదివాళ్లు 'స్వాథి' అని చదవడం ఇలాంటి తికమకే.

రాత సంగతి తేలినా ధ్వని సంగతి తేలదు. ఐరిష్‌లో మనిషిని పిలిచినప్పుడు పేరు రూపం మారుతుంది. షాన్ అనే అబ్బాయిని పిలవాలంటే 'అ హ్యాయిన్' అనాలి. షేమస్‌ను పిలిస్తే 'అ హేమిష్'. స్కాట్లండ్‌లో మగవాళ్లకు ఉండే హేమిష్ అనే పేరు ఈ సంబోధన రూపమే విడిగా నిలబడిపోయి పుట్టింది. రాముడు పిలుపులో 'రామా' అయ్యే భాష మాట్లాడేవాళ్లు దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంటిపేర్లకూ ఈ మార్పు ఉంది. తండ్రి 'ఓ బ్రియన్' అయితే కూతురు 'నీ వ్రియన్', భార్య 'ఈ వ్రియన్'. ఒకే కుటుంబానికి ఒకే ఇంటిపేరు, అందులో మూడు రూపాలు. పేరు అంటే మార్పులేని ఒక ధ్వని అనే ఊహ సొంతగడ్డ మీదే నిలవదు.

మతం దగ్గరికి వస్తే ఐరిష్ పేర్లలో ఒక విశేషం కనబడుతుంది. క్రైస్తవం వేళ్లూనుకున్న తొలి శతాబ్దాల్లో, దాని తర్వాత కూడా చాలాకాలం, ఐరిష్‌వాళ్లు పుణ్యపురుషుల పేర్లను నేరుగా పెట్టుకోవడానికి జంకేవారు. పాట్రిక్ అని పెట్టుకోకుండా 'గిల్లా పాడ్రిగ్', అంటే పాట్రిక్ సేవకుడు, అని పెట్టుకునేవారు. ఇంకో పద్ధతి 'మాల్' చేర్చడం. ఆ మాటకు బోడితల అని అర్థం. సన్యాసులు తల గొరిగించుకుంటారు కనుక భక్తుడని భావం. భగవంతుడి పేరుకు 'దాసు' చేర్చి రామదాసు, కృష్ణదాసు అనుకున్న భక్తి కూడా ఇలాంటిదే. ఈ బిడియానికి పరాకాష్ఠ కన్య మరియమ్మ పేరు దగ్గర కనబడుతుంది. ఐరిష్‌లో ఏసుక్రీస్తు తల్లిని 'ముర్యె' అంటారు. ఆ రూపం ఆమె ఒక్కర్తెకే. మామూలు ఆడపిల్లకు పెట్టే మేరీ పేరు 'మార్యె'. ఒక్క అచ్చు తేడాతో భాష పవిత్రానికీ లౌకికానికీ మధ్య గోడ కట్టింది. యూదులు దేవుడి నాలుగక్షరాల పేరును పైకి పలకకుండా దాచుకుంటే, ఐరిష్‌వాళ్లు మరియమ్మ పేరును పలుకుతూనే పంచుకోకుండా దాచుకున్నారు. ఉచ్చారణలో ఒక అచ్చు అటూ ఇటూ అయితే ఏమవుతుందని అడిగేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

షివాన్ పుట్టుక మరో దారి చూపిస్తుంది. అది ఐరిష్ గడ్డ మీద మొలిచిన పేరే కాదు. 1169 తర్వాత నార్మన్లు ఐర్లండ్‌లో అడుగుపెట్టినప్పుడు 'జెహాన్' అనే ఫ్రెంచి మగపేరును, దాని స్త్రీరూపాన్ని వెంట తెచ్చారు. ఐరిష్ నోటికి ఆ జకారం పట్టలేదు. అది షకారమైంది. అలా మగవాడు షాన్ అయ్యాడు, ఆడమనిషి షివాన్ అయింది, దాని ముద్దు రూపం షినేడ్ అయింది. ఆ ఫ్రెంచి పేరు లాటిన్ 'యోహాన్నెస్' నుంచి, అది గ్రీకు గుండా 'దేవుడు దయ చూపాడు' అనే అర్థమున్న హీబ్రూ పేరు నుంచి వచ్చింది. తెలుగు బైబిలులోని యోహాను, తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోని జాన్, డబ్లిన్‌లోని షివాన్ ఒక తల్లి బిడ్డలే. ఇవాళ ప్రపంచం నోరు తిరగదంటున్న పేరు, ఒకనాడు ఐరిష్‌వాళ్లకు నోరు తిరగని పేరు.

చర్చి పుస్తకాల్లో ఈ వ్యవహారం ఇంకా చిక్కుపడింది. జ్ఞానస్నానాన్ని రాసే రిజిస్టర్లు చాలాచోట్ల లాటిన్‌లో ఉండేవి. ఇంట్లో షాన్ అని పిలిచే బిడ్డ ఆ పుస్తకంలో యోహాన్నెస్, దొరల కాగితాల్లో జాన్. 1917 నాటి కాథలిక్ చర్చి శాసనసంహిత, బిడ్డకు క్రైస్తవ నామం ఉండేలా గురువు చూడాలనీ, తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే వాళ్లు కోరిన పేరుకు ఒక పునీతుడి పేరు జతచేసి రెండూ రాయాలనీ చెప్పింది. 1983 సంహిత దాన్ని సడలించి, క్రైస్తవ భావానికి పరాయిదైన పేరు పెట్టకుండా చూసుకుంటే చాలంది. నీవ్, ఒషీన్ లాంటి పేర్లు పురాణకథల్లోవి, క్రైస్తవం కన్నా పాత లోకానివి. ఇక బ్రిజిడ్ అటు దేవత పేరు, ఇటు కిల్డేర్ పునీతురాలి పేరు. ఆమె పండుగ ఫిబ్రవరి 1. ఐర్లండ్ ప్రభుత్వం 2023 నుంచి ఆ పండుగకు సెలవు ఇస్తోంది. ఆ పేరు పెట్టుకున్న అమ్మాయి ఎవరి పేరు మోస్తోందో తేల్చమని ఎవరూ అడగరు, అడిగినా తేలదు.

పలకలేకపోవడం ఒకటి, పలకనివ్వకపోవడం ఇంకొకటి. ఐర్లండ్ చరిత్రలో రెండోది ఎక్కువ. 1366 కిల్కెన్నీ శాసనాలు అక్కడ స్థిరపడ్డ ఇంగ్లిషువాళ్లు ఐరిష్ పేర్లు వదిలెయ్యాలన్నాయి. 1465లో మరో చట్టం డబ్లిన్ చుట్టుపక్కల కౌంటీల్లోని ఐరిష్‌వాళ్లను ఇంగ్లిషు ఇంటిపేరు పెట్టుకోమంది. ఏదైనా ఊరి పేరో, తెలుపు, నలుపు, గోధుమ లాంటి రంగు పేరో, కమ్మరి, వడ్రంగి లాంటి పని పేరో ఎంచుకోవాలట. తర్వాతి శతాబ్దాల్లో ఇంటిపేర్ల ముందున్న 'ఓ', 'మాక్' చాలావరకు రాలిపోయాయి. 1845లో మొదలైన మహాక్షామంలో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, అంతకు తగ్గకుండా ఓడలెక్కి వెళ్లిపోయారు. అమెరికాలో ఎల్లిస్ ఐలండ్ గుమస్తాలు వలసవాళ్ల పేర్లు ఇష్టమొచ్చినట్టు మార్చేశారన్నది బాగా పాతుకుపోయిన కథ. ఆ గుమస్తాలు ఓడవాళ్లు తెచ్చిన జాబితాలతో సరిచూసుకునేవాళ్లు, కొత్త పేర్లు పెట్టేవాళ్లు కాదు. పేర్లు చాలావరకు మార్చుకున్నది వచ్చినవాళ్లే, పని కోసం, బడి కోసం, పక్కింటివాళ్ల నోటి కోసం. ఒకరు లాక్కుంటే పోయిన పేరు కన్నా, తానే వదులుకున్న పేరు గురించి చెప్పుకోవడం కష్టం. ఆ కథ అంతగా నాటుకోవడానికి కారణం బహుశా ఇదే.

ఈ చరిత్రంతా ఒక్క బండి మీద చూడవచ్చు. 20వ శతాబ్దం మొదట్లో బండి తోలుకునేవాళ్లు తమ పేరు, ఊరు బండి మీద స్పష్టంగా కనబడేలా రాయించుకోవాలని చట్టం. డోనెగల్ కౌంటీలో నియల్ మాక్ గిల్లా వ్రీడె అనే ఆయన తన పేరును ఐరిష్‌లో రాయించాడు. చదవడానికి వీల్లేకుండా ఉందని కేసు పెట్టి జరిమానా వేశారు. 1905లో ఆ కేసు డబ్లిన్ పైకోర్టుకు వెళ్లింది. ఆయన తరఫున నిలబడ్డ పాట్రిక్ పియర్స్ అప్పటికి యువ న్యాయవాది; 1916 తిరుగుబాటుకు నాయకత్వం వహించి ప్రాణం ఇవ్వబోయేవాడు. కేసు ఓడిపోయారు. ఇక్కడ గమనించాల్సింది ఆ ఇంటిపేరు. 'మాక్ గిల్లా వ్రీడె' అంటే 'బ్రిజిడ్ సేవకుడి కొడుకు'. ఇంగ్లిషులో మెక్‌బ్రైడ్ అని రాయించి ఉంటే ఏ పేచీ ఉండేది కాదు. మెక్‌బ్రైడ్ అనే రూపంలో సేవకుడు కనబడడు, పునీతురాలూ కనబడదు. ఊళ్లో ఆ బండిని ఎరగనివాళ్లు లేరు కనుక చదవడం రానిది ఊరికి కాదు, చట్టానికి.

దర్శనాలు ఈ ముడిని రెండు వైపుల నుంచి లాగాయి. ప్లేటో రాసిన 'క్రాటిలస్' సంభాషణలో హెర్మోజెనీస్ పేర్లన్నీ జనం అనుకున్న ఒప్పందాలే అంటాడు. క్రాటిలస్ ఒప్పుకోడు, ప్రతి వస్తువుకూ స్వభావసిద్ధమైన సరైన పేరు ఉంటుందంటాడు. అంతటితో ఆగక, నీ పేరే నీది కాదని హెర్మోజెనీస్‌ను ఎత్తిపొడుస్తాడు. ఆ పేరుకు లాభాల దేవుడు హెర్మిస్ సంతతి అని అర్థం, ఆ మనిషికేమో డబ్బు నిలవదు. మనదేశంలో మీమాంసకులు శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం ఎవరూ కల్పించనిదన్నారు. నైయాయికులు దాన్ని సంకేతమన్నారు. 1843లో జాన్ స్టువర్ట్ మిల్ ఇంకా తేలిక చేశాడు. వ్యక్తి పేరు ఇంటి తలుపు మీద సుద్దముక్కతో పెట్టిన గుర్తు లాంటిది, గుర్తుపట్టడానికి తప్ప అందులో అర్థం లేదన్నాడు. 1970లో ప్రిన్స్‌టన్‌లో చేసిన ప్రసంగాల్లో సోల్ క్రిప్కీ దీనికి ఒక గొలుసు తగిలించాడు. ఎవరో ఒకరు మొదట పేరు పెడతారు. విన్నవాళ్లు ఆ మనిషినే ఉద్దేశించి ఇంకొకరికి అందిస్తారు. ఆ ఉద్దేశం తెగనంతవరకు పేరు ఆ మనిషినే తాకుతుంది. ఈ లెక్కలో 'సియోభన్' అన్నవాడు కూడా షివాన్‌నే పిలిచాడు. అతని నాలుక తప్పింది గానీ గొలుసు తెగలేదు.

ఈ సిద్ధాంతం పిలుపు అందిందా లేదా అన్నంతవరకే పనికొస్తుంది. పిలిపించుకున్న మనిషికి ఏమనిపించింది అన్నది దాని పరిధిలోకి రాదు. అక్కడ పతంజలి మహాభాష్యం ఎక్కువ సాయం చేస్తుంది. ఆవుకు సాధుశబ్దం 'గౌః'. జనం నోట గావీ, గోణీ, గోతా, గోపోతలికా అనే అపభ్రంశాలున్నాయని ఆయన చెబుతాడు. వాటితోనూ ఆవు అర్థం అవుతుంది, అందులో సందేహం లేదు. సాధుశబ్దం వల్ల వచ్చే తేడా అర్థంలో కాదు, ధర్మంలో. భర్తృహరి 'వాక్యపదీయం'లో ఇంకో అడుగు వేశాడు. పసిబిడ్డ 'అంబ' అనబోయి ముద్దముద్దగా ఏదో అంటాడు. తెలిసినవాళ్లు ఆ ధ్వని వెనకున్న సరైన మాటను ఊహించి అర్థం చేసుకుంటారు. అపభ్రంశం అర్థమయ్యేది సాధుశబ్దాన్ని తలపించడం వల్లనే. అయితే తరతరాలుగా అపభ్రంశమే వాడుకలో ఉన్నవాళ్లకు అదే నేరుగా అర్థాన్నిస్తుందని కూడా ఆయన గుర్తించాడు. షివాన్ కథ ఈ రెండో మాటకు మచ్చుతునక. యోహాన్నెస్‌కు అది అపభ్రంశం; ఐర్లండ్‌లో ఎనిమిది శతాబ్దాలు మసలి అదే సాధువైంది. మేవ్ అనే రాణి పేరుకు ఐరిష్‌లో పాత, కొత్త స్పెల్లింగులు అరడజను దాకా ఉన్నాయి. వాటిలో అసలేదని వాదించేవాళ్లకు పతంజలి ఆవుల మంద చూపించవచ్చు.

క్రిప్కీ గొలుసునూ పతంజలి ధర్మాన్నీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. తొలిసారి తప్పు పలకడం దోషం కాదు. ఎవరూ అన్ని భాషల నియమాలతో పుట్టరు. సరిదిద్దాక కూడా పాత తప్పునే పట్టుకుని వేలాడటం, లేదా 'నీకు ఇంకో తేలిక పేరు లేదా' అని అడగడం వేరే జాతి పని. అది 1905 నాటి తీర్పుకు దూరపు చుట్టం.

ఆ పేరున్నవాళ్ల వైపు నుంచి చూస్తే కష్టాలు చాలావరకు చిల్లర కష్టాలే, రోజూ ఉండటం వల్లే అవి బరువు. బడిలో హాజరు పిలిచే టీచరు ఒక పేరు దగ్గర తడబడి ఆగితే, ఆ నిశ్శబ్దంలోనే ఆ పిల్ల 'ప్రెజెంట్' అంటుంది. వచ్చింది తన పేరేనని దానికి తెలుసు. కాఫీ కొట్లో కప్పు మీద రాయించడానికి చాలామంది ఒక అబద్ధపు పేరు పెట్టుకుంటారు. వాలుగీతను ఒప్పుకోని కంప్యూటర్లు మరో తలనొప్పి. షాన్ పేరులో ఆ గీత తీసేస్తే మిగిలే మాటకు ఐరిష్‌లో 'ముసలి' అని అర్థం. ఓ బ్రియన్‌లాంటి ఇంటిపేర్లను ఇంగ్లిషులో రాస్తే మధ్యలో వచ్చే కామా లాంటి గుర్తును చూసి ఆన్‌లైన్ ఫారాలు 'చెల్లని అక్షరం' అంటాయి. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువాళ్లు విదేశీ ఆఫీసుల్లో ఊరి పేరుతోనో తాతల పేరుతోనో పిలిపించుకోవడం కూడా ఈ ఫారాల చలవే. 2021లో సవరించిన ఐర్లండ్ అధికార భాషల చట్టం, పౌరుల ఐరిష్ పేర్లను ప్రభుత్వ సంస్థలు గీతలతో సహా సరిగ్గా వాడాలన్న బాధ్యతను చేర్చింది.

సంతోషాలు కూడా ఉన్నాయి, అవి చిల్లరవి కావు. పేరు అడిగినవాళ్లకు దాని కథ చెప్పే అవకాశం వస్తుంది. నీవ్ అంటే వెలుగు, ఒషీన్‌ను నిత్యయవ్వన లోకానికి తీసుకెళ్లిన రాకుమారి. 'సీర్షా' అంటే స్వాతంత్ర్యం. ఆ మాట ఆడపిల్ల పేరైంది 20వ శతాబ్దంలోనే. న్యూయార్కులో 1994లో పుట్టిన నటి సీర్షా రోనన్ తన పేరును 'సర్షా' అని పలుకుతుంది, ఐర్లండ్‌లో చాలామంది 'సీర్షా' అంటారు. కీవాను కొన్నిచోట్ల 'క్వీవా' అంటారు. మన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్ మాండలికాల్లో ఏది ఒప్పని వెతకడం దండగ. ఆ పేరున్నవాళ్లు ఏది అంటే అదే ఒప్పు. పరాయి దేశంలో ఎవరైనా మొదటి ప్రయత్నంలోనే 'షివాన్' అని సరిగ్గా పిలిస్తే, ఆ ఒక్క మాటతో ఇద్దరి మధ్యా ఊరూ వాడా వచ్చి కూర్చుంటాయి. ఇబ్బంది ఉందని ఐరిష్ తల్లిదండ్రులు వెనక్కి తగ్గనూ లేదు. 2021లో ఆ దేశంలో ఆడపిల్లలకు అన్నిటికన్నా ఎక్కువగా పెట్టిన పేరు 'ఫీయా'. దాని చివర రాసి పలకని డి, హెచ్ రెండూ ఉన్నాయి.

తెలుగు పత్రికలకు ఈ పేర్లతో ఇంకో పేచీ ఉంది. రోమన్ లిపి వాడే భాషల్లో పేరును ఉన్నదున్నట్టు దించేసి, ఎలా పలకాలో పాఠకుడికే వదిలెయ్యవచ్చు. తెలుగు లిపిలో ఆ వెసులుబాటు లేదు. ఉచ్చారణ తేల్చుకోకుండా ఒక్క అక్షరమూ రాయలేరు. కనుక రాసేవాళ్లు ముందు ఆ పేరును ఎవరైనా పలకగా ఒకసారి వినాలి. ఐరిష్‌లో 'సి' అక్షరం ఎప్పుడూ కకారమే. 'ఓపెన్‌హైమర్' సినిమాకు 2024లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న మర్ఫీ పేరు సిలియన్ కాదు, కిలియన్.